బతుకమ్మ రాగంలో ఇంగ్లీషు వ్యాసం

నాకు ముక్కు మీదే కోపం. ఆ సంగతి ముందే చెప్పేస్తున్నాను. ఇంగ్లీషు వ్యాసాలు కంఠస్థం పట్టలేని మనిషికి తెలివి లేదనేవాళ్లు ఎవరైనా ఉంటే నా ముందుకు రావద్దు. నేను వంద మంది పిల్లల పేర్లు, వాళ్ల తల్లుల పేర్లు, ఎవరికి గుడ్డు పడదో ఎవరికి పాలు పడవో అన్నీ నోటికి చెప్పగలను. ఇంగ్లీషు గైడులో అచ్చయిన వ్యాసాన్ని మాత్రం నాలుగు వాక్యాలు దాటి ఏనాడూ చెప్పలేకపోయాను.

సిద్దిపేటలో మా వాడ అంగన్వాడీలో నేను ఆయాను. ఊడవడం, నీళ్లు పట్టడం, పప్పు వండడం, రాని పిల్లల ఇళ్లకు వెళ్లి చంకనేసుకుని తీసుకురావడం నా పని. పిల్లలకు పాటలు చెప్పేది, అక్షరాలు దిద్దించేది, బరువు తూచేది టీచర్. టీచర్ సెలవు పెట్టిన రోజు ఇవన్నీ కూడా నేనే చేసేదాన్ని. చేసేటప్పుడు ఎవరూ నా చదువు అడగలేదు. పోస్టు అడిగితే మాత్రం ఇంటర్ పాసయ్యావా అన్నారు. పదో తరగతి కాగానే పెళ్లి చేశారు నాకు. ఇంటర్ ఎక్కడిది?

అందుకే ఓపెన్ స్కూల్లో ఇంటర్ కట్టాను. మిగతావన్నీ మొదటిసారే గట్టెక్కాయి. ఇంగ్లీషు రెండుసార్లు తన్నింది. రెండుసార్లూ వ్యాసాల దగ్గరే. చిన్న ప్రశ్నలు ఎలాగో నెట్టుకొచ్చేదాన్ని. వ్యాసం దగ్గరకు వచ్చేసరికి ఎదురుగా తెల్లకాగితం, చేతిలో పెన్ను, కళ్లలో నీళ్లు.

ఆ చలికాలం మా సూపర్‌వైజర్ మేడం వచ్చి ఒక మాట చెప్పింది. పక్క వాడ అంగన్వాడీ సెంటర్ టీచరమ్మ ఎండాకాలంలో రిటైరవుతోందట. ఆ జాగాకు ముందు ఇంటర్ పాసైన ఆయాలను చూస్తారట, ఎవరూ లేకపోతేనే బయటివాళ్లను తీసుకుంటారట. 'ఈసారి పాసైతె అయితివి. లేకుంటె మళ్ల గీ చాన్సు ఎప్పుడస్తదో నేను చెప్పలేను' అంది. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఆయాగా ఉండడం చిన్నతనమని కాదు. టీచర్ లేని రోజు పిల్లలకు పాట చెప్పేది నేను, చెప్పినట్టు రిజిస్టర్లో ఉండేది ఇంకొకరు. అది నాకు సహించేది కాదు, అంతే.

మా ఆయన ముంబయి దగ్గర భివండీలో మరమగ్గాల కార్ఖానాలో పని చేస్తాడు. ఫోన్లో విషయం చెబితే 'రాయి, ఏమైతది? పులేమన్న మింగుతదా' అన్నాడు. ఇంట్లో మాత్రం పులి ఉంది. మా అత్త.

మా అత్త బీడీలు చేస్తుంది. మధ్యాహ్నం నుంచి పొద్దుగూకే దాకా మా ఇంటి ముందు అరుగు మీద నలుగురైదుగురు ఆడవాళ్లు చాటలు ఒళ్లో పెట్టుకుని కూర్చుంటారు. సెంటర్ మూసి వచ్చాక నేనూ నా చాట పట్టుకుని చేరతాను. తునికాకు కత్తిరించడం, తంబాకు పోయడం, చుట్టడం, దారం కట్టడం. కళ్లు మూసుకుని చేయొచ్చు. కాబట్టి కళ్లు ఖాళీయే కదా అని గైడు చించి ఒక్కో కాగితం చాట పక్కన పెట్టుకుని చదివేదాన్ని. పైకి చదివితే నవ్వుతారని లోలోపల గొణిగేదాన్ని.

'గా గొణుగుడు బంద్ వెట్టే పిల్లా, నా చెవుల తేనెటీగలు జొచ్చినట్టున్నది' అంది అత్త ఒకరోజు. 'పదో తరగతి సదివే బిడ్డ ఇంట్ల ఉండంగ తల్లికి పరీక్షలేంది? సదివితె నోరు తెరిచి సదువు, లేకుంటె ఇంత పాట వాడు.'

నాకు ఒళ్లు మండింది. 'పాట గావాల్నా? పాడుత ఇను' అన్నాను. మా వాడలో బతుకమ్మ పాట ఎత్తుకునేది నేనే. నేనొక వరస అంటే చుట్టూ ఉన్నవాళ్లు ఉయ్యాలో అని అందుకుంటారు. ఆ కోపంలో ఆ రాగమే ఎత్తుకుని, చేతిలో ఉన్న వ్యాసాన్ని దానిలో పోసేశాను.

దేర్ లివ్డ్ ఏ బోట్‌మ్యాన్ ఉయ్యాలో
బై ద సైడ్ ఆఫ్ రివర్ ఉయ్యాలో
హి వాజ్ ఆనెస్ట్ అండ్ పూర్ ఉయ్యాలో
ఎవ్రీబడీ లవ్డ్ హిమ్ ఉయ్యాలో

ఎగతాళికి పాడాను. కానీ రెండో వరసకే మా అత్త, చాట మీంచి తల ఎత్తకుండా, ఉయ్యాలో అని అందుకుంది. కావాలని కాదు. పుట్టినప్పటినుంచీ ఉన్న అలవాటు, రాగం వినబడితే ఆమె నోరు ఆగదు. పక్కనున్నవాళ్లూ అందుకున్నారు. నాలుగు వరసలయ్యాక అందరం ఒకరి మొహాలొకరు చూసుకుని కడుపు చెక్కలయ్యేలా నవ్వాం. తంబాకు అంతా అరుగు మీద ఒలికింది.

మర్నాడు పొద్దున సెంటర్లో పప్పు కడుగుతుంటే ఆ నాలుగు వరసలూ వాటంతట అవే నోటికొచ్చాయి. తప్పు లేకుండా వచ్చాయి. నేను గిన్నె అక్కడే పెట్టేసి నిలబడిపోయాను. ఓ యమ్మో, వస్తోంది!

ఇక చూడండి. సంక్రాంతి దాటేసరికి మా అరుగు మీద పడవ మనిషి వ్యాసం మొత్తం పాటయింది. వాన మీద ఉన్న పద్యం సారాంశం పాటయింది. ఊరి బడి తగలబడిపోతే పిల్లలంతా కలిసి మళ్లీ కట్టుకున్న పాఠం కూడా పాటయింది. మా బిడ్డ కూర్చుని పలికే తీరు దిద్దేది. 'మమ్మీ, రివర్ అనాలె, రీవారు కాదు' అని చిరాకుపడేది. అంతా బాగానే ఉంది కానీ, మా అత్తకు కొత్త రోగం పట్టుకుంది. అర్థం కావాలంటుంది.

'గా పడవాయన సంగతేంది?' అని అడిగింది.

చెప్పాను. ఒక నది ఉంది, దాటించడానికి ఒక పడవ ఉంది, తాతల నాటినుంచి వాళ్లదే ఆ పని. ఒకనాడు వంతెన కట్టారు. ఇక పడవ ఎవరూ ఎక్కలేదు. అయినా అతను రోజూ పొద్దున్నే పడవ కడిగి ఒడ్డున కూర్చునేవాడు.

'వంతెన కట్టినంక గాయనకు సర్కారు ఏమన్న ఇచ్చిందా?'

'ఇయ్యలే అత్తమ్మా.'

'మరి పెండ్లాం ఏం తిన్నది?'

'పుస్తకంల లేదు.'

'గా పుస్తకం రాసినోనికి పెండ్లాం లేదా ఏంది?' అని కసురుకుంది. అరుగు మీద అందరూ నవ్వారు. నవ్వులు ఆగాక ఆమె బీడీ దారం పంటితో తెంపి, ఎవరితో అన్నట్టూ కాకుండా అంది: 'మీ మామది గూడ గంతే. మరమగ్గాలొచ్చినంక నేసింది కొనెటోడు లేడు. అయినా పొద్దుగాల లేశి మగ్గం గుంటల కాళ్లు వెట్టి కూసునెటోడు. కూసోకయ్యా అంటె, మరేడ కూసోవాలె అనెటోడు.'

నేను మామను చూసింది తక్కువ. పెళ్లయిన కొత్తలోనే పోయాడు. ఇంకో ఆకు చేతిలోకి తీసుకుని అత్తే 'ఊ, ఎత్తుకో' అంది. ఎత్తుకున్నాను.

మాకు ఆదివారాలు క్లాసులుండేవి, ప్రభుత్వ బడిలో ఒక గదిలో. ఇంగ్లీషు సారు గజ్వేల్ నుంచి బస్సులో వచ్చేవారు. బెజ్జంకి నుంచి, అక్కన్నపేట నుంచి కూడా ఆడవాళ్లు వచ్చేవాళ్లు. అందరం వయసు ముదిరినవాళ్లమే, ఒకరి బాధ ఒకరికి తెలిసినవాళ్లమే. పరీక్షకు ముందు సారు ఒక చిన్న పరీక్ష పెట్టారు. పడవ మనిషి గురించి రాయమన్నారు. నేను ఎవరివైపూ చూడకుండా గడగడా రాసి ఇచ్చేశాను. జన్మలో మొదటిసారి ఇంగ్లీషు పేపరు నా చేతిలో బరువుగా అనిపించింది.

తరువాతి ఆదివారం సారు నా కాగితం పట్టుకుని అద్దాలు సరిచేసుకున్నారు. 'అమ్మా, గిదేంది? బోట్‌మ్యాన్ పక్కన ఉయ్యాలో, రివర్ పక్కన ఉయ్యాలో. ఎవలీ ఉయ్యాలో?'

క్లాసంతా గొల్లుమంది. చేయి రాగంలో పడి, మొదటి పేరాలో నాలుగైదు చోట్ల ఉయ్యాలో కూడా ఇంగ్లీషు అక్షరాల్లో రాసేశాను! సిగ్గు వేసినప్పుడు కొందరు తల దించుకుంటారు. నాకు కోపం వస్తుంది. లేచి నిలబడ్డాను.

'నవ్వుర్రి. మీలో ఎవలికన్న మొత్తం వ్యాసం వచ్చిందా? నాకు వచ్చింది. సార్, లెక్క చూడుర్రి, ఒక్క లైను పోయిందేమో.'

సారు నవ్వు ఆపుకుని నిజంగానే చూశారు. చివరిదాకా చదివి, ఎర్ర పెన్నుతో ఉయ్యాలోలు మాత్రం కొట్టేశారు. 'ఇవి తీసేస్తె ఒక్క తప్పు లేదు. పాడుకోమ్మా, ఎవరొద్దన్నరు? కని రాసేటప్పుడు ఉయ్యాల దిగి రాయి' అన్నారు.

ఆ మధ్యాహ్నం బెజ్జంకి నుంచి వచ్చే ఒకామె నా కొంగు పట్టుకుంది. 'నాకు గూడ నేర్పక్కా, నీ కాళ్లు మొక్కుత' అంది. భర్త గల్ఫ్‌లో, ఇంటి దగ్గర ఇద్దరు పిల్లలు, అంగన్వాడీలో నాలాగే ఆయా. మిగతావాళ్లూ చుట్టూ చేరారు. ఇంటి నుంచి తెచ్చుకున్న సద్దులు తిన్నాక బడి వాకిట్లో గుండ్రంగా తిరుగుతూ, చప్పట్లు కొడుతూ, పూలు లేవు బతుకమ్మ లేదు, ఇంగ్లీషు వ్యాసం ఆడుకున్నాం. సారు వరండాలో టిఫిన్ డబ్బా పట్టుకుని అలాగే ఉండిపోయారు, తినడం మరిచిపోయి.

ఉయ్యాల దిగి రాయడం మాత్రం చెప్పినంత తేలిక కాదు. ఆ మాట తీసేస్తే తరువాతి వరస రాదు. దానికో ఉపాయం కనిపెట్టాం. ఉయ్యాలో వచ్చే చోట నోటితో అనకుండా రెండు వేళ్లతో బల్ల మీద టక్ అని కొట్టడం. ఆ దెబ్బకు తరువాతి వరస నోటికి వచ్చేస్తుంది. బెజ్జంకి ఆమె వేళ్లతో పాటు తల కూడా ఊపేది. దీన్ని బాగా సాధన చేశాం. ఎంత బాగా చేశామంటే, అదే మా కొంప ముంచబోయింది.

పరీక్ష రోజు పొద్దున అత్త నా చేతిలో పెరుగన్నం డబ్బా పెట్టి, 'మర్సిపోతె పరేషాన్ గాకు, మొదటికెల్లి ఎత్తుకో' అంది. పులి నోట్లోంచి ఆ మాట రావడం చూసి నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి.

పేపరు తీస్తే పడవ మనిషి వచ్చాడు! రెండు పెద్ద ప్రశ్నల్లో మొదటిదే. చిన్నవి త్వరగా ముగించి వ్యాసం మొదలుపెట్టాను. ఒక వరస రాయడం, టక్. ఇంకో వరస, టక్. నాకు రెండు బల్లల ముందు బెజ్జంకి ఆమె. ఆమె కూడా అదే ప్రశ్న, అదే పాట. ఆమెదీ టక్, తల ఊపు. నా టక్ వినబడగానే ఆమెకు ఊపు వస్తోంది, ఆమె తల కదలగానే నా వేళ్లు లేస్తున్నాయి. మా ఇద్దరికీ అది తెలియనే తెలియదు.

హాల్లో ఉన్న సారు కుర్రాడు. కాసేపు మా ఇద్దరినీ మార్చి మార్చి చూసి, గబగబా వచ్చి నా పేపరు గుంజుకున్నాడు. 'ఏం సైగలమ్మా అవి? ఎన్నో ప్రశ్నకు ఏం జవాబో చెప్పుకుంటున్నరా? ఇద్దరు లేవుర్రి. మాల్‌ప్రాక్టీస్ బుక్ అయితది.'

బుక్ చేస్తే ఈ పరీక్షే కాదు, తరువాతవీ రాయనివ్వరు. ఎండాకాలం వెళ్లిపోతుంది, పక్క వాడ సెంటర్‌కు ఎవరో కొత్తావిడ వస్తుంది. ఇదంతా ఒక్క క్షణంలో కళ్ల ముందు తిరిగింది. నోరు తెరిస్తే రాకూడని మాట వచ్చింది.

'సైగలు గాదు సార్. బతుకమ్మ ఆడుతున్నం.'

హాలంతా నవ్వింది. కుర్రసారుకు ఇంకా కోపం వచ్చింది. పరీక్ష సెంటర్ పెద్ద సారును పిలిపించాడు. ఆయన నెరిసిన జుట్టు మనిషి, నెమ్మదిగా వచ్చి విషయం విన్నారు. మా ఇద్దరినీ బయటికి తీసుకెళ్లి, ఆమెను వరండాలో దూరంగా నిలబెట్టి, నన్ను పక్కనున్న ఖాళీ గదిలోకి రమ్మన్నారు.

'బతుకమ్మ అన్నవట. పాడు, నేను ఇంట' అన్నారు.

పాడాను. దేర్ లివ్డ్ ఏ బోట్‌మ్యాన్ దగ్గర మొదలుపెట్టి, ఉయ్యాలో దగ్గర వేళ్లతో కిటికీ చెక్క మీద కొట్టి చూపించాను. రాగం తప్పలేదు. ఆయన మీసం కింద పెదవి కొరుక్కుంటూ విన్నారు. నన్ను అక్కడే ఉంచి వెళ్లి ఆమెతో పాడించారు. ఆమె నాకంటే గట్టిగా పాడింది, ఏడుస్తూ పాడింది, వరండా అంతా మోగింది. ఆయన తిరిగి వచ్చి నా పేపరు బల్ల మీద పెట్టారు.

'నువ్వు ఈడ, ఆమె ఆ చివరి గదిల. పాడుకుంటరో ఆడుకుంటరో మీ ఇష్టం. బయటికి ఇనబడొద్దు' అన్నారు. కుర్రసారును గుమ్మం దగ్గర కాపలా పెట్టారు.

ఖాళీ గది. ఒక్కదాన్నే. ఇక ఎవరి భయం? పెదవులు కదుపుతూ సన్నగా పాడుకుంటూ రాశాను. వేళ్లు ఎంత కావాలంటే అంత కొట్టాను. వ్యాసం చివరికొచ్చింది. నోబడీ కేమ్ టు ద బోట్, బట్ హి వాష్డ్ ఇట్ ఎవ్రీ డే. ఆ వరస నేను ఎన్నిసార్లు పాడి ఉంటానో. పాడినప్పుడల్లా అది నాకు తరువాతి వరసకు మెట్టు మాత్రమే. ఆ రోజు, ఆ భయం తీరాక, అది నాకు మొదటిసారి వినబడింది. పడవ దగ్గరకు ఎవరూ రాలేదు. అతను రోజూ కడిగాడు. అయ్యో, ఇదా నేను ఇన్నాళ్లూ పాడింది! మరేడ కూసోవాలె అన్న మనిషి కళ్ల ముందు కూర్చున్నాడు. కళ్లు తుడుచుకున్నాను.

గైడులో వ్యాసం అక్కడితో అయిపోతుంది. నేను ఆపలేదు. నాకు వచ్చిన ఇంగ్లీషులో, పాట లేకుండా, వేలి దెబ్బ లేకుండా, సొంతంగా మూడు ముక్కలు రాశాను. మా మామ నేత మనిషి అని, ఆయనా ఇలాగే కూర్చునేవాడని, పుస్తకంలో భార్య ఊసు లేదు కానీ మా మామ భార్య బీడీలు చేసి మమ్మల్నందరినీ సాకిందని. తప్పులు ఉండి ఉంటాయి. ఉండనీ అనుకున్నాను.

గంట కొట్టాక కుర్రసారు లోపలికొచ్చాడు. 'ఏమనుకోకక్కా, డ్యూటీ' అన్నాడు.

'డ్యూటీ సరే. నువ్వు గుంజుకున్న టైం ఎవలిస్తరు?' అన్నాను. ఊరుకోవడం నాకు చేతకాదు. అతను మొహం ఎర్రగా చేసుకుని, పెద్ద హాల్లో పేపర్లన్నీ తీసుకున్నాకే తిరిగొచ్చి నాది అడిగాడు. అప్పటికి నేను రెండో వ్యాసం చివరి వాక్యం పూర్తి చేశాను.

రిజల్ట్ వచ్చిన రోజు మా బిడ్డ అరుగు మీద ఫోన్ పట్టుకుని కూర్చుంది. ఆ సైటు తిరిగి తిరిగి తెరుచుకోదు. మా అత్త 'గా డబ్బ ఇట్ల తే, నేను తీస్త' అని కసురుతోంది. చివరికి బిడ్డ ఎగిరి నా మెడ పట్టుకుంది. 'మమ్మీ పాస్! ఇంగ్లీష్ పాస్!' నేను ఏడ్చాను, దాచడమెందుకు? బీడీ లెక్క తీరకుండా చాట దించని మా అత్త చాట పక్కన పెట్టి వచ్చి నా తల నిమిరింది. 'ఏడ్వకే పిచ్చిదానా. సాధించినవు గద' అంది. బెజ్జంకి ఆమె ఫోన్ చేసి కేకలు పెట్టింది. ఆమె ఇంగ్లీషు పాసైంది, ఎకనామిక్స్ పోయింది. 'గది గూడ పాట కడుదామక్కా' అంది. కడదామన్నాను. ఇప్పుడు ఆ పనిలోనే ఉన్నాం.

పోస్టు చేతికి రావడానికి ఇంకా చాలా తిప్పారు. ఆఫీసు చుట్టూ తిరిగాను, ఒకరిద్దరితో గొడవ పడ్డాను కూడా. చివరికి ఆర్డర్ వచ్చింది. బళ్లు తెరిచిన వారం పక్క వాడ సెంటర్‌కు వెళ్లాను. అక్కడి ఆయా గుడ్ల కోసం వెళ్లింది, తలుపు తాళం నాకిచ్చారు. లోపలంతా దుమ్ము. టీచర్ని కదా కుర్చీలో కూర్చోవాలి కదా అని తోచనే లేదు. కొంగు బిగించి చీపురు పట్టాను.

సగం ఊడ్చేసరికి గుమ్మంలో ఒక పడుచు తల్లి నిలబడింది, చంకలో ఏడుస్తున్న పాప.

'ఆయమ్మా, టీచరమ్మ వచ్చిందా?' అంది.

నేను అలవాటుగా వెనక్కి తిరిగి లోపలికి చూశాను. లోపల ఎవరూ లేరు. చీపురు గోడకు ఆనించి చేతులు తుడుచుకున్నాను.

'వచ్చింది బిడ్డా' అన్నాను. 'నేనే.'

ఆమె పాపను నా చేతికిచ్చింది.